ఫోన్ దేనికి మోగాలి? దేనికి మోగకూడదు?
రోగి దగ్గర ఉండే కుటుంబ సభ్యులకు ఒక పాఠం



మీలో కొందరు వార్డులో మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఈ పుస్తకం చదువుతున్నారు. కొందరు ఐ.సి.యు. బయట బల్ల మీద కూర్చుని ఉంటారు. కొందరు రోగిని డిశ్చార్జి చేయించుకుని ఇంటికి వెళ్లాక తీరికగా చదువుతారు. మీరు ఎక్కడ ఉన్నా మీ చేతిలోనో జేబులోనో ఒక స్మార్ట్‌ఫోన్ ఉంటుంది. ఈ రోజుల్లో డాక్టరుగారి కబురు, ల్యాబ్ రిపోర్టు, రక్తం ఇస్తానన్న బంధువు మాట, బ్యాంకు మెసేజీ, ఊరి వార్త అన్నీ ఆ ఒక్క ఫోనులోకే వస్తాయి. వాటితోపాటు సెల్ కంపెనీ ప్రకటనలు, గేములు, చీరల డిస్కౌంట్లు, గుడ్ మార్నింగ్ బొమ్మలు కూడా అదే దారిలో వస్తాయి.

వార్డులో మేము రెండు రకాల వారిని చూస్తుంటాము. మొదటి రకం వారు ఫోనును దాని ఇష్టానికి వదిలేస్తారు. అది రాత్రీ పగలూ టింగు టింగుమంటూనే ఉంటుంది. రోగికి, పక్క మంచాల వారికి నిద్ర ఉండదు. రెండవ రకం వారు ఆ గోల భరించలేక ఫోను మొత్తం సైలెంటులో పెట్టి పడుకుంటారు. ఇది మంచి పనిలాగే కనిపిస్తుంది. కానీ రాత్రి రెండు గంటలకు లోపలి రోగికి రక్తం ఎక్కించాలో, పెద్ద ఆసుపత్రికి పంపాలో నిర్ణయించవలసి వచ్చి సిస్టరు ఫోను చేస్తే, ఆ ఫోను చీకటిలో వెలిగి ఆరిపోతుంది. కొడుకు ముప్పై అడుగుల దూరంలోనే, సత్రం వరండాలో నిద్రపోతూ ఉంటాడు. ప్రాణం కాపాడే చికిత్సను డాక్టర్లు ఎవరి కోసమూ ఆపరు. అయినా కుటుంబం చెప్పవలసిన మాట ఒకటి ఉంటుంది. ఆ మాట కోసం వాచ్‌మన్ వరండా అంతా తిరిగి ఒక్కొక్కరినీ లేపి పేరు అడగవలసి వస్తుంది.

కాబట్టి ఈ పాఠంలో నేర్చుకోవలసిన సంగతి ఒకటే. ఫోను నోరు పూర్తిగా మూయకూడదు, పూర్తిగా తెరిచి వదిలేయకూడదు. ఎవరు పిలిస్తే మోగాలో, ఎవరు పిలిస్తే ఊరుకోవాలో మనమే దానికి చెప్పాలి. దీనికి చదువు అక్కరలేదు. అరగంట ఓపిక చాలు.

1. శబ్దం రోగిని ఎందుకు బాధిస్తుంది?

ఆధునిక నర్సింగ్‌కు పునాది వేసిన ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో "నోట్స్ ఆన్ నర్సింగ్" అనే పుస్తకం రాశారు. అందులో శబ్దం గురించే ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉంది. అప్పటికి టెలిఫోను కూడా లేదు. అయినా అవసరం లేని శబ్దం రోగికి హాని అని ఆమె గుర్తించారు.

శబ్దాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారు. మనం మామూలుగా మాట్లాడుకునే మాటలు దాదాపు 60 డెసిబెల్స్ ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో ఇచ్చిన సూచనల ప్రకారం ఆసుపత్రి వార్డులో రాత్రిపూట సగటు శబ్దం 30 డెసిబెల్స్ దాటకూడదు. ఒక్కసారిగా వచ్చే శబ్దం కూడా 40కి మించకూడదు. అంటే పక్కన ఎవరో మామూలుగా మాట్లాడినా ఆ హద్దు దాటిపోతుంది. ఇక ఫోను రింగు సంగతి చెప్పనక్కరలేదు. మన దేశంలో 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు కూడా ఆసుపత్రి చుట్టూ కనీసం 100 మీటర్ల వరకు ఉన్న చోటును నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించవచ్చని చెబుతున్నాయి.

నిద్ర రోగికి మందుతో సమానం. నిద్ర చెడితే నొప్పి ఎక్కువగా తెలుస్తుంది, చిరాకు పెరుగుతుంది. ముఖ్యంగా వయసు మళ్లినవారిలో నిద్రలేమి వల్ల మతి తప్పినట్లు మాట్లాడటం, పగలు రాత్రి తేడా తెలియకపోవడం జరగవచ్చు. అప్పుడు మీరు "నిన్నటి వరకు బాగానే మాట్లాడాడు సిస్టర్" అని కంగారుగా మా దగ్గరకు వస్తారు. దానికి కారణాలు చాలా ఉండవచ్చు. వాటిలో మన చేతిలో ఉన్నది ఈ శబ్దమే.

2. చెవికి అలవాటైపోతే ప్రమాదం

రెండవ హాని మీకే జరుగుతుంది. ఏ శబ్దమైనా పదే పదే వింటే చెవి దానిని పట్టించుకోవడం మానేస్తుంది. రైలు పట్టాల పక్క ఇంట్లో ఉండేవారికి రైలు చప్పుడు వినిపించనట్లే ఇదీ.

ఈ సంగతి నర్సులకు బాగా తెలుసు. ఐ.సి.యు.లో మానిటర్లు, పంపులు, వెంటిలేటర్లు రోజంతా కూస్తూనే ఉంటాయి. వాటిలో చాలావరకు పెద్ద ప్రమాదం లేనివే. అలా వింటూ వింటూ నిజంగా ప్రమాదమైన అలారాన్ని కూడా తేలికగా తీసుకునే అపాయం ఉంది. దీనిని "అలారాల అలసట" అంటారు. అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ అనే సంస్థ 2014లో అలారాలను సరిగా నిర్వహించడాన్ని రోగి భద్రత లక్ష్యాలలో చేర్చింది. అనవసరమైన అలారాలను తగ్గిస్తేనే అవసరమైనది వినబడుతుందనేది దాని సారాంశం.

మీ ఫోనుకూ ఇదే వర్తిస్తుంది. రోజుకు వంద టింగులు వింటే నూట ఒకటవది డాక్టరుగారి మెసేజీ అయినా మీ చేయి ఫోను మీదికి పోదు.

ఇక్కడే మరొక మాట. మంచం పక్కనున్న మానిటరు గాని, సెలైన్ పంపు గాని కూస్తుంటే మీరు దాని బటను నొక్కి ఆపవద్దు. "చప్పుడు అవుతోందని ఆపేశాను" అని కొందరు చెబుతుంటారు. ఫోను శబ్దం మీ అధికారంలో ఉంది. యంత్రం శబ్దం మాకు పిలుపు. వెంటనే సిస్టరును పిలవండి.

3. మొదటి పని: లెక్క రాసుకోండి

ఈ సాయంత్రం 6 నుండి 7 వరకు ఒక గంట సేపు మీ ఫోను ఎన్నిసార్లు మోగిందో, దేనికి మోగిందో ఒక కాగితం మీద రాసుకోండి. తరువాత ఒక్కొక్క దానిని ఈ మూడు వరుసలలో ఏదో ఒక దానిలో వేయండి.

(అ) వెంటనే తెలియవలసినవి: వార్డు నుండి ఫోను, ఆ రోజు రోగి బాధ్యత ఉన్న కుటుంబ సభ్యుల ఫోను, రక్తదాత ఫోను, మందుల వేళ అలారం, షుగరు సెన్సరు హెచ్చరిక.

(ఆ) తరువాత చూసుకున్నా పరవాలేనివి: బంధువుల పరామర్శ మెసేజీలు, ఆఫీసు కబుర్లు, ప్రార్థన గ్రూపు, పిల్లల స్కూలు గ్రూపు, బ్యాంకు నెలవారీ లెక్క.

(ఇ) అసలు అక్కరలేనివి: అమ్మకాల ప్రకటనలు, గేములు, సినిమా వార్తలు, "మీకు లోను మంజూరైంది" అనే మెసేజీలు.

ఈ లెక్క రాస్తే చాలామంది ఆశ్చర్యపోతారు. (అ) వరుసలో నాలుగో అయిదో పేర్లు మాత్రమే ఉంటాయి. ఆ కొద్దిమందికే తలుపు తీసి ఉంచాలి.

4. రెండవ పని: ముఖ్యమైన నంబర్లు సేవ్ చేయండి

సేవ్ చేయని నంబరు ఫోనుకు అపరిచితుడే. అందువల్ల ముందుగా ఇవి చేయండి.

• వార్డు నుండి ఏ నంబరుతో ఫోను వస్తుందో డ్యూటీ సిస్టరును అడగండి. చాలా ఆసుపత్రులలో ఒకటి కంటే ఎక్కువ నంబర్లు ఉంటాయి. ల్యాండ్‌లైను, వార్డు మొబైలు, రక్త నిధి, బిల్లింగు ఇవన్నీ అడిగి "ఆసుపత్రి 1", "ఆసుపత్రి 2" అని సేవ్ చేసుకోండి.

• మీరు రిజిస్టరులో ఇచ్చిన నంబరు మీ దగ్గరున్న ఫోనుదేనా? అడ్మిషన్ సమయంలో ఊరిలోని ఇంటి నంబరు ఇచ్చి, ఇక్కడ వేరే ఫోను వాడుతున్నవారు చాలామంది. ఈ రోజే సరిచూసి, రెండవ వ్యక్తి నంబరు కూడా రాయించండి.

• ఆండ్రాయిడ్ ఫోనులో సేవ్ చేసిన పేరు తెరిస్తే ఒక నక్షత్రం గుర్తు కనిపిస్తుంది. దానిని తాకితే నిండుగా వెలుగుతుంది. ఆసుపత్రి నంబర్లకు, ఇద్దరు ముగ్గురు కుటుంబ సభ్యులకు మాత్రమే నక్షత్రం పెట్టండి. అందరికీ పెడితే మళ్లీ మొదటికే వస్తుంది.

• "తెలియని నంబర్ల కాల్స్ ఆపు" అనే సెట్టింగు మీ ఫోనులో ఆన్ చేసి ఉంటే, రోగి ఆసుపత్రిలో ఉన్నంతకాలం దానిని తీసివేయండి. అంబులెన్స్ డ్రైవరు, రక్తదాత, వేరే ఆసుపత్రి డాక్టరు అందరూ తెలియని నంబర్ల నుండే ఫోను చేస్తారు.

5. మూడవ పని: "డు నాట్ డిస్టర్బ్" సరిగా పెట్టుకోండి

ఫోను పూర్తిగా సైలెంటులో పెట్టడం వేరు, "డు నాట్ డిస్టర్బ్" పెట్టడం వేరు. సైలెంటులో మీ తల్లి ఫోను చేసినా, గేము పిలిచినా ఒకటే. "డు నాట్ డిస్టర్బ్" మాత్రం మీరు చెప్పిన వారిని లోపలికి రానిచ్చి, మిగిలిన వారిని బయట ఆపుతుంది.

ఆండ్రాయిడ్ ఫోనులో: సెట్టింగ్స్ తెరిచి పైన వెతికే గడిలో "డు నాట్ డిస్టర్బ్" అని టైపు చేయండి. కంపెనీని బట్టి ఇది నోటిఫికేషన్స్ కింద గాని, సౌండ్ కింద గాని, కొత్త ఫోన్లలో మోడ్స్ కింద గాని ఉంటుంది. అందులో కాల్స్ అనే చోట "స్టార్డ్ కాంటాక్ట్స్" ఎంచుకోండి. అంటే నక్షత్రం పెట్టినవారి కాల్స్ మాత్రమే మోగుతాయి. అక్కడే "రిపీట్ కాలర్స్" అని ఉంటుంది. దానిని ఆన్ చేస్తే ఎవరైనా 15 నిమిషాలలోపు రెండవసారి ఫోను చేసినప్పుడు మోగుతుంది. అలారాలను అనుమతించే బటను కూడా ఆన్‌లో ఉందో లేదో చూడండి. మందుల అలారం ఆగిపోకూడదు కదా.

ఐఫోనులో: సెట్టింగ్స్‌లో "ఫోకస్", దానిలో "డు నాట్ డిస్టర్బ్", దానిలో "పీపుల్" తెరిచి కావలసిన పేర్లు చేర్చండి. "రిపీటెడ్ కాల్స్" ఆన్ చేస్తే మూడు నిమిషాలలోపు రెండవసారి చేసిన కాల్ మోగుతుంది. ఇంకొక మంచి ఏర్పాటు కూడా ఉంది. సేవ్ చేసిన ఆసుపత్రి పేరు తెరిచి ఎడిట్, రింగ్‌టోన్ అనే చోటికి వెళితే "ఎమర్జెన్సీ బైపాస్" కనిపిస్తుంది. దానిని ఆన్ చేస్తే ఫోను సైలెంటులో ఉన్నా ఆ ఒక్క నంబరు మోగుతుంది.

ఇక్కడ చాలామంది పొరపడే విషయాలు నాలుగు ఉన్నాయి.

ఒకటి, ఆండ్రాయిడ్‌లో నక్షత్రం పెట్టినా రింగు శబ్దం సున్నాలో ఉంటే ఫోను మోగదు. రింగు శబ్దం పైకే ఉంచండి. ఆపవలసిన వాటిని "డు నాట్ డిస్టర్బ్" ఆపుతుంది.

రెండు, ఈ నక్షత్రం ఏర్పాటు మామూలు ఫోను కాల్స్ కోసం. వాట్సాప్ కాల్ అన్ని ఫోన్లలో ఇలా మోగుతుందని చెప్పలేము. పైగా ఇంటర్నెట్ సరిగా లేని చోట అది అందదు. కాబట్టి అత్యవసరమైతే మామూలు కాల్ చేయాలని, ఎత్తకపోతే వెంటనే రెండవసారి చేయాలని ఇంట్లో అందరికీ చెప్పండి.

మూడు, ఐ.సి.యు. లోపలికి వెళ్లేటప్పుడు కొందరు ఫ్లైట్ మోడ్ పెడతారు. బయటికి వచ్చాక తీయడం మరచిపోతారు. ఫ్లైట్ మోడ్‌లో ఏ నక్షత్రమూ పనిచేయదు. తలుపు దాటగానే తీసేయడం అలవాటు చేసుకోండి.

నాలుగు, పరీక్షించి చూడకుండా నమ్మవద్దు. పక్కవారిని పిలిచి, నక్షత్రం ఉన్న నంబరు నుండి ఒకసారి, లేని నంబరు నుండి ఒకసారి ఫోను చేయించండి. మొదటిది మోగి, రెండవది మోగకపోతే సరిగా కుదిరినట్లు.

మంచం పక్కన ఉన్నప్పుడు వైబ్రేషన్ చాలు. కాని వైబ్రేషన్ పెట్టిన ఫోనును ఇనుప లాకరు మీద పెట్టవద్దు. అది రింగు కంటే ఎక్కువ గోల చేస్తుంది. జేబులోనో, మడిచిన తువ్వాలు మీదనో పెట్టండి. పడుకోవడానికి బయటికి వెళ్లేటప్పుడు వైబ్రేషన్ నుండి రింగుకు మార్చుకోండి. ఛార్జింగు ఎంత ఉందో కూడా చూసుకోండి. రోగికి పేస్‌మేకర్ ఉంటే ఫోనును ఛాతీ మీద గాని, చొక్కా జేబులో గాని పెట్టనివ్వవద్దు. కనీసం 15 సెంటీమీటర్ల దూరం ఉంచాలి.

6. నాలుగవ పని: అనవసరమైన మోతలు తగ్గించండి

ఏదైనా అక్కరలేని నోటిఫికేషన్ వస్తే తీసి పారేయకుండా దాని మీద వేలు కాసేపు నొక్కి పట్టుకోండి. "సైలెంట్" అని, "టర్న్ ఆఫ్" అని కనిపిస్తాయి. (ఇ) వరుసలో ఉన్నవాటిని ఆఫ్ చేయండి. (ఆ) వరుసలో ఉన్నవాటిని సైలెంటు చేయండి. మెసేజీ ఎక్కడికీ పోదు, మీకు తీరిక దొరికినప్పుడు చూసుకోవచ్చు. కొత్త యాప్ వేసుకున్నప్పుడు అది నోటిఫికేషన్లకు అనుమతి అడిగితే, అవసరం లేనిదానికి మొదటే వద్దని చెప్పండి.

వాట్సాప్ గ్రూపు తెరిచి పైన పేరు మీద తాకితే మ్యూట్ చేసే వీలుంటుంది. 8 గంటలు, ఒక వారం, ఎల్లప్పుడూ అని మూడు రకాలు ఉంటాయి. మ్యూట్ చేశారని గ్రూపులో ఎవరికీ తెలియదు. కాబట్టి పెద్దవారు నొచ్చుకుంటారని భయపడనక్కరలేదు.

ప్రకటనల కాల్స్, మెసేజీలు తగ్గాలంటే 1909కి మెసేజీ పంపవచ్చు. ఇంగ్లీషులో స్టార్ట్ అని టైపు చేసి, కొంచెం ఖాళీ వదిలి, సున్నా అంకె (0) వేసి పంపండి. బ్యాంకు ఓ.టి.పి.లు, ఆసుపత్రి మెసేజీల వంటివి దీనివల్ల ఆగవు. మోసగాళ్లు మాత్రం ఈ నియమాన్ని లెక్కచేయరు. వారి గురించి కింద చెబుతాము.

7. కబురు చెప్పే బాధ్యత ఒక్కరికే

ఫోనులో ఎన్ని సెట్టింగులు మార్చినా బంధువులకు కబురు తెలియకపోతే వారు ఫోను చేస్తూనే ఉంటారు. అది ప్రేమే. "మేనమామను నాకు చెప్పలేదే" అని నొచ్చుకోవడం మన ఇళ్లలో మామూలు. కాని ఒకే విషయాన్ని ఇరవై మందికి ఇరవైసార్లు చెప్పేసరికి మంచం పక్కన ఉన్నవారి నోరు ఎండిపోతుంది. రోగి ఆ ఇరవైసార్లూ తన జబ్బు గురించి వింటాడు.

దీనికి ఒక ఉపాయం ఉంది. కుటుంబంలో ఒక్కరిని, వీలైతే ఆసుపత్రిలో లేనివారిని, కబురు చెప్పే మనిషిగా పెట్టుకోండి. మంచం పక్కన ఉన్నవారు ఆ ఒక్కరికే చెబుతారు. ఆయన లేదా ఆమె పొద్దున రౌండ్స్ అయ్యాక ఒకసారి, రాత్రి ఒకసారి అందరికీ మెసేజీ పెడతారు. ఆ మెసేజీ ఇలా ఉండవచ్చు:

"అందరికీ నమస్కారం. నాన్నగారికి జ్వరం తగ్గింది. రేపు మళ్లీ రక్త పరీక్ష ఉంది. అమ్మ దగ్గరే ఉంది, ఆమె ఫోను రాత్రి పూట మోగదు. ఏదైనా అడగాలంటే నాకు చేయండి. రాత్రి 8 గంటలకు మళ్లీ చెబుతాను."

ఇలా వేళ చెబితే జనం ఆ వేళ వరకు ఓపిక పడతారు.

8. మందుల అలారం

ఇంటికి వెళ్లాక ఫోను మీకు నర్సులాగా పనిచేయగలదు. దానికోసం ప్రత్యేకమైన యాప్ ఏమీ వేసుకోనక్కరలేదు. ఫోనులో ఉన్న గడియారం అలారమే మేలు. కొన్ని ఫోన్లు బ్యాటరీ ఆదా కోసం ఇతర యాప్‌లను నిద్రపుచ్చుతాయి. అప్పుడు ఆ యాప్ గుర్తుచేయవలసిన వేళకు గుర్తుచేయకపోవచ్చు.

• డిశ్చార్జి రోజునే మందుల చీటీ చేతిలో పెట్టుకుని, సిస్టరు ఎదుటే అలారాలు పెట్టుకోండి. "రోజుకు మూడుసార్లు" అన్నది అన్ని మందులకూ ఒకటి కాదు. కొన్నిటిని భోజనంతో వేసుకోవాలి. కొన్ని యాంటిబయాటిక్ మందులను 8 గంటలకు ఒకసారి, అంటే ఉదయం 6, మధ్యాహ్నం 2, రాత్రి 10కి వేసుకోవాలి. ఏది ఎలాగో అడిగి తెలుసుకోండి.

• ప్రతి అలారానికి పేరు రాయండి. ఉత్త మోత కంటే "బీపీ మాత్ర, టిఫిను తరువాత" అని కనిపించడం మంచిది.

• చదువు రాని పెద్దలకు మీ గొంతుతో "అమ్మా, బీపీ మాత్ర వేసుకో" అని రికార్డు చేసి, దానినే అలారం శబ్దంగా పెట్టే వీలు చాలా ఫోన్లలో ఉంది.

• మాత్ర చేతిలోకి తీసుకుని మింగాకే అలారం ఆపాలి. ముందే ఆపి "ఇప్పుడే వేసుకుంటాను" అంటే పనిలో పడి మరచిపోతారు.

• అలారం శబ్దం, రింగు శబ్దం వేరు వేరుగా ఉంటాయి. అలారం శబ్దం ఎంత ఉందో విడిగా చూసుకోండి.

• ఒక పూట మాత్ర మరచిపోతే మరుసటి పూట రెండు కలిపి వేయవద్దు. డాక్టరును గాని, మమ్మల్ని గాని అడగండి.

9. షుగరు సెన్సరు ఉన్నవారికి ముఖ్య హెచ్చరిక

ఇప్పుడు కొందరు షుగరు రోగులు భుజానికి అతికించే సెన్సరు వాడుతున్నారు. షుగరు బాగా పడిపోతే అది ఫోనుకు హెచ్చరిక పంపుతుంది. రోగి నిద్రలో ఉన్నప్పుడు ఆ హెచ్చరికే కాపలా.

2025 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వపు ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఏ. దీని గురించి ప్రజలను హెచ్చరించింది. ఫోను సెట్టింగుల వల్ల, ఫోను సాఫ్ట్‌వేరు అప్‌డేట్ వల్ల, బ్లూటూత్ ఇయర్‌ఫోన్ల వంటివి కలపడం వల్ల ఈ హెచ్చరికలు కొందరికి అందలేదని, వినబడలేదని తెలిపింది. దీనివల్ల షుగరు తీవ్రంగా పడిపోవడం, మరణం వంటి తీవ్రమైన హాని జరిగి ఉండవచ్చని కూడా చెప్పింది.

కాబట్టి "డు నాట్ డిస్టర్బ్" పెట్టేటప్పుడు ఈ యాప్‌ను తప్పక మినహాయించండి. దానికి బ్యాటరీ ఆదా వర్తించకుండా చూడండి. ఫోను అప్‌డేట్ అయిన ప్రతిసారీ, కొత్త ఇయర్‌ఫోను కలిపిన ప్రతిసారీ హెచ్చరిక వస్తోందో లేదో సరిచూడండి. ఫోను రాత్రి రోగి గదిలోనే ఉండాలి.

షుగరు 70 కంటే తగ్గి రోగి స్పృహలో ఉంటే మూడు చెంచాల చక్కెర గాని, గ్లూకోజు గాని నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాల తరువాత మళ్లీ పరీక్షించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయవద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే 108కి ఫోను చేయండి.

10. భయపెట్టే మెసేజీలతో జాగ్రత్త

ఆసుపత్రిలో ఉన్నవారి మనసు నిలకడగా ఉండదు. మోసగాళ్లకు అదే కావాలి. "మీ బ్యాంకు ఖాతా ఈ రాత్రికి ఆగిపోతుంది", "కరెంటు కట్ అవుతుంది", "మీ పార్సిలులో మత్తుమందు దొరికింది" అని తొందర పెడతారు. రోగి బిల్లు కట్టాలనే కంగారులో ఉన్నవారు లింకు నొక్కేస్తారు.

ఒక నియమం పెట్టుకోండి: వార్డులో కూర్చుని ఏ లింకూ నొక్కకూడదు, ఎవరికీ ఓ.టి.పి. చెప్పకూడదు. ఆసుపత్రి పేరు చెప్పి ఎవరైనా డబ్బు పంపమంటే పంపే ముందు బిల్లింగు కౌంటరుకు నడిచి వెళ్లి అడగండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

వార్డులో ఫోను ఛార్జింగుకు పెట్టి వెళుతుంటారు కదా. లాక్ వేసి ఉన్నా తెర మీద ఓ.టి.పి. కనిపించవచ్చు. సెట్టింగ్స్‌లో లాక్ స్క్రీన్ అనే చోట రహస్య విషయాలు కనిపించకుండా పెట్టుకోండి. రోగి రిపోర్టు వివరాలు దారినపోయేవారు చదవకుండా ఉండటానికి కూడా ఇది మంచిది.

11. ఆఫ్ చేయకూడనిది ఒకటి

2023లో మన దేశంలో అనేక రాష్ట్రాలలో ఫోన్లన్నీ ఒక్కసారిగా పెద్ద శబ్దంతో మోగిన సంగతి మీకు గుర్తుండవచ్చు. అది విపత్తు హెచ్చరికల పరీక్ష. తుఫాను, వరద వంటివి వచ్చినప్పుడు ఆ ప్రాంతంలోని ఫోన్లకు ఇలా హెచ్చరిక పంపుతారు. శబ్దం చికాకుగా ఉందని "ఎమర్జెన్సీ అలర్ట్స్" ఆఫ్ చేయవద్దు. కోస్తా జిల్లాల్లో ఇంట్లో ఆక్సిజన్ మీద గాని, మంచం మీద గాని రోగి ఉన్నవారికి రెండు గంటల ముందు తెలిసినా ఎంతో మేలు.

ఈ రాత్రే సరిచూసుకోండి

(1) వార్డు రిజిస్టరులో ఉన్నది నా చేతిలోని ఫోను నంబరేనా?
(2) ఆసుపత్రి నంబర్లు సేవ్ చేసి నక్షత్రం పెట్టానా?
(3) రింగు శబ్దం, అలారం శబ్దం పైకి ఉన్నాయా?
(4) "డు నాట్ డిస్టర్బ్" పెట్టి, ఒకరితో ఫోను చేయించి పరీక్షించానా?
(5) ఫ్లైట్ మోడ్ తీశానా? ఛార్జింగు ఉందా?
(6) బంధువులకు కబురు చెప్పే మనిషి ఎవరో అందరికీ తెలుసా?
(7) నేను నిద్రపోతే నా బదులు ఫోను ఎత్తేది ఎవరు?

ఈ ఏడింటికీ జవాబు దొరికితే మీరు నిశ్చింతగా పడుకోవచ్చు. రోగి దగ్గర ఉండేవారికీ నిద్ర కావాలి. ఫోను ఎక్కడ మోగుతుందోనని తెల్లవార్లూ దానినే చూస్తూ కూర్చుంటే రేపు పగలు రోగికి చేయవలసిన సేవ చేయలేరు.

సెట్టింగులు అర్థం కాకపోతే సిగ్గుపడవద్దు. వార్డులో మీ పక్క మంచం వారి పిల్లల్లో ఎవరో ఒకరికి తప్పక తెలిసి ఉంటుంది. అడగండి. మీరు నేర్చుకున్నాక మరొకరికి చూపించండి. వార్డులో ఒక్క ఫోను నెమ్మదించినా ఆ రాత్రి కొందరు రోగులు హాయిగా నిద్రపోతారు.